పికప్ బండి ఎత్తు, టైర్ల కొలత

పంచాయతీ సభ్యులారా!

ధాన్యపు బస్తాలకును కూరగాయలకును నేడు పల్లెలలో పికప్ బండియే ఆధారము. వానకాలమున డొంకదారిలో గాడుల నడుమనున్న మెరక బండి అడుగునకు తగులుచున్నదని కొందరు యజమానులు కమాన్ కట్టలకు దిమ్మలు వేయించి బండిని ఎత్తించుచున్నారు, పెద్ద టైర్లు బిగించుచున్నారు. వారు మీ సలహా కోరుదురు గనుక ఈ సంగతులు మనవి చేయుచున్నాము.

దిమ్మలు వేసినచో లేచునది తొట్టియే గాని ఇరుసు కాదు. మెరకకు ముందుగా తగులునది వెనుక ఇరుసు నడుమనుండు డిఫరెన్షియల్. అది టైరు పెరిగిననే గాని లేవదు. అదియు ఎంత? 215/75 ఆర్ 15 టైరు ఎత్తు సుమారు 703 మిల్లీమీటర్లు. 235/75 ఆర్ 15 ఎత్తు 733. పెరిగిన 30లో సగము, అనగా 15 మిల్లీమీటర్లే ఇరుసునకు దక్కును. బొటనవ్రేలి వెడల్పైనను లేదు! పాత టైరుతో సరిగా చూపిన స్పీడోమీటరు 60 చూపునప్పుడు బండి 62 దాటి పోవుచుండును.

తొట్టి ఎత్తైనకొలది బరువు పైకి పోవును. కాలువగట్టు మలుపులో బోల్తాపడు అపాయము హెచ్చును. సరుకుబండిలో కూలీలను ఎక్కించు దురలవాటు ఇంకను పోలేదు గదా!

తయారీదారు నిర్ణయించిన వివరములకు విరుద్ధమైన మార్పును 1988 మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను నిషేధించుచున్నది. 2019 సవరణ ననుసరించి యజమానికి ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండునూ గాని విధింపవచ్చును.

బండితో వచ్చిన పుస్తకములోని కొలత టైరునే, బరువు మోయు సంఖ్య తగ్గకుండ చూచి కొనుమని వారికి చెప్పుడు. మెరకను చెక్కించి, గాడులను గ్రావెలుతో పూడ్పించుట పంచాయతీ పని; వానలకు ముందే తీర్మానము చేయుడు.