టైరు యెంపిక: దేశకాలపాత్రములు



వ్యాకరణము బోధించుచు జీవితము గడపిన వానికి మోటారు చక్రములతో ఏమి పని యని మీలో కొందఱు నవ్వవచ్చును. పట్టణమున ఉద్యోగము చేయుచున్న మా మనుమడు ‘ఆటోక్రాస్’ అను పందెమునకు దిగెదననియు, అందులకు మెత్తని పందెపు టైర్లు నాలుగు కొనుటకు సొమ్ము కావలెననియు నన్నడిగెను. ఇట్టి కోరిక రేపు మీ యింటను కలుగవచ్చును. కాబట్టి నేను విచారించి తెలిసికొన్నది మీకు విన్నవించుచున్నాను.

ఆటోక్రాస్ పందెమునకు బయలు మైదానమున గుర్తులు నిలిపి వంకరటింకర దారి ఏర్పఱతురు. సాధారణముగా ఒక్కొక్క కారునే విడిచి, అది చుట్టివచ్చిన కాలమును గడియారముతో కొలుతురు. దారి చిన్నది, మలుపులు హెచ్చు. కావున యంత్రబలముకంటె నేలను పట్టుకొను బలమే ప్రధానము. ఒక్కొక్క టైరు నేలను తాకు చోటు ఇంచుమించు మన అరచేయి యంతయే. కారు బరువంతయు ఆ నాలుగు అరచేతుల మీదనే నిలిచియుండును.

దానము చేయువాడు దేశకాలపాత్రములు చూడవలెనని పెద్దలు చెప్పుదురు. టైరు కొనువాడును ఆ మూడే చూడవలెను.

మొదటిది దేశము, అనగా నేల. మా పెదవేగిది ఎఱ్ఱనేల. ఏలూరు దాటి కొల్లేటివైపు పోయినచో నల్లని జిగటనేల. నా చిన్ననాట మా నాయనగారు ఇనుపపట్టా చక్రముల బండిని విడిచి, చవుకగా వచ్చినదని, అరిగి నున్నబడిన రబ్బరుటైర్ల బండి నొకదానిని కొనిరి. మా యూరి దారిలో అది పూలరథమువలె నడచెను. వానకాలమున ఒకనాడు గడ్డి తెచ్చుటకై కొల్లేటి గట్టుమీద పోవుచుండగా, ఆ టైర్లు బురదపై జాఱి, బండి గట్టు దిగి పడెను. దాపటి యెద్దు కాలు విఱిగెను. సన్నని ఇనుపపట్టా బురదను కోసికొని దిగి నిలుచును. నున్నని రబ్బరు బురదపై తేలి జాఱును. టైర్లలో మిగిలినదానికి ఎన్నియో రెట్లు ఎద్దుతో పోయినది.

మోటారుకును అదే న్యాయము. ఎండిన తారునేలపై నున్నని పందెపుటైరు హెచ్చు రబ్బరును నేలకానించి గట్టిగా పట్టుకొనును. తడినేలపై అదియే నీటిని తొలగింపలేక జాఱును. నీరు పోవుటకు టైరుపై నాగటిచాళ్ల వంటి చాళ్లుండవలెను. మట్టిలోను కంకరలోను నడచుటకు లోతైన చాళ్లును, ఎత్తైన దిమ్మలును గల టైరు కావలెను.

రెండవది కాలము. మెత్తని రబ్బరు త్వరగా అరుగును. గట్టిది చిరకాలము వచ్చును. అమెరికా కొలత ప్రకారము ముద్ర వేసిన టైరు ప్రక్కన ‘ట్రెడ్‌వేర్’ అను అంకె యుండును. అంకె చిన్నదైనకొలది రబ్బరు సామాన్యముగా మెత్తనిదై త్వరగా అరుగును. ఆ దేశమున ఎస్.సి.సి.ఏ. అను సంస్థ జరుపు సోలో పోటీలలో, వీధికార్ల తరగతికి ఆ అంకె 200కు తగ్గరాదని నియమము. టైరు పుట్టిన కాలమును చూడవలెను. ప్రక్కన 2324 అని నాలుగంకెలున్నచో 2024వ సంవత్సరము 23వ వారమున తయారైనదని యర్థము. ఏండ్లు గడచిన రబ్బరు, చాళ్లు నిండుగా నున్నను, గట్టిపడి పట్టు తప్పును. చాళ్ల యడుగున 1.6 మిల్లీమీటర్ల యెత్తున గుర్తులుండును. అంతవఱకు అరిగిన టైరును మార్చవలసినదే.

మూడవది పాత్రము: బండి బరువును, నడుపువాని నేర్పును. పందెపుటైరు పట్టు కొత్తవాని తప్పులను కప్పిపుచ్చును. వీధిటైరు పట్టు తప్పకముందే కూతపెట్టి హెచ్చరించును. వాడు దానితోనే నేర్చుకొనవలెను. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదున హుస్సేన్‌సాగరు చెంత జరిగిన ఫార్ములా-ఈ పందెమున అందఱికిని ఒకే రకపు టైర్లు, ఎండకును వానకును పనికివచ్చు చాళ్లు గలవి. టైర్లు సమానమైనను గెలుపు సమానము కాలేదు.

ఇక గాలి. దానిని టైరు చల్లగానున్నపుడు కొలువవలెను. పరుగులో వేడెక్కి ఒత్తిడి పెరుగును. టైరు అంచునుండి ప్రక్కగోడవఱకు సుద్దతో గీత గీసి ఒక పరుగు తీయవలెను. గీత ప్రక్కగోడమీద సైతము చెరిగినచో గాలి తక్కువ. అంచుననే చెరగక మిగిలినచో హెచ్చు. బ్రతుకంతయు సుద్ద పట్టిన నాకు ఈ పరీక్ష మిక్కిలి నచ్చినది.

మనుమనికి పందెపుటైర్లకు సొమ్మీయలేదు. మంచి వీధిటైర్లకిచ్చి, ఒక సుద్దపెట్టెయు చేతబెట్టితిని. వానికి బహుమానము రాలేదు. ఆ సాయంకాలము పెద్దవాన కురిసెను. ఆ టైర్లతోనే క్షేమముగా ఇల్లు చేరెను. నేర్పు కుదిరిన పిమ్మట పందెపుటైర్లు కొనదలచినచో, వానిని వేఱు చక్రములకు తొడిగించి, మైదానముననే మార్చుకొని, వీధిటైర్లతో తిరిగి రావలెనని చెప్పితిని.

మీ పిల్లలడిగినపుడు కాదని కసరకుడు, అడిగినంత ఈయకుడు. ఏ నేల, ఏ కాలము, ఎంత నేర్పు అని ముందడుగుడు. సెలవు.