చచ్చిన క్రిమి చేసే మేలు

 

రోగం రాకముందు వేసేది టీకా, వచ్చాక ఇచ్చేది మందు అని మేము బడిలో చెబుతాం. ఈ రెండు పనులకూ పరీక్షించిన సూదిమందు ఒకటి మన దేశంలోనే పుట్టింది. అది కుష్ఠువ్యాధి కోసం తయారైంది.

కుష్ఠు క్రిమిని 1873లో నార్వే డాక్టరు హాన్సెన్ కనుగొన్నారు. నేటికీ దాన్ని ప్రయోగశాల సీసాల్లో పెంచడం సాధ్యం కాలేదు. పెంచలేని క్రిమితో టీకా ఎలా చేస్తారు? అందుకే ఢిల్లీలో డాక్టర్ జి.పి. తల్వార్ గారి బృందం, సీసాలో పెరిగే దాని దాయాదిని ఒకదాన్ని ఎంచుకుంది. మొదట దాన్ని 'డబ్ల్యూ' అనేవారు. తర్వాత మైకోబాక్టీరియం ఇండికస్ ప్రానీ అయింది. తల్వార్ గారి పేరులోని 'ప్రాణ్' అందులో ఉంది. చంపి వాడే క్రిమికి ప్రాణమున్న పేరు! మా పిల్లలు ఈ మాటకు నవ్వుతారు.

ఒళ్లంతా క్రిములుండే రకం కుష్ఠులో రోగి రక్షణ కణాలు శత్రువు ఎదుటే ఉన్నా కదలవు. మాత్రలు క్రిములను చంపుతాయి గానీ, వాటి కళేబరాలు చాలాకాలం ఒంట్లో ఉండిపోతాయి. వేడితో చంపిన దాయాది క్రిమిని చర్మంలోకి ఎక్కిస్తే ఆ కణాలు మేల్కొంటాయి. మాత్రలతో పాటు మూడు నెలలకొకటి చొప్పున 8 మోతాదులు ఇచ్చి చూశారు. మాత్రలు మాత్రమే వాడినవారికన్నా వీరిలో క్రిములు త్వరగా తగ్గాయి. కాన్పూర్ దేహాత్‌లో రోగుల ఇంటివారికి కూడా వేశారు. రక్షణ 3 ఏళ్లకు 68 శాతం, 6 ఏళ్లకు 60 శాతం కనిపించింది. 9 ఏళ్లకు 28కి పడిపోయింది. ఆ చివరి అంకెను కూడా దాచకుండా చెప్పాలి.

చర్మవైద్యులు దీన్ని పులిపిర్లకూ వాడుతున్నారు. ఒకదానిలో సూది వేస్తే దూరంగా ఉన్నవి కూడా రాలిపోయిన సందర్భాలున్నాయి. క్షయ మీద, కోవిడ్ మీద కూడా పరీక్షించారు. అంతమాత్రాన సర్వరోగనివారిణి అని ఎవరైనా అమ్మజూపితే డబ్బులివ్వకండి. ఒక రోగంలో పనిచేసింది ఇంకో రోగంలో పనిచేస్తుందో లేదో విడిగా తేల్చుకోవాల్సిందే.

కుష్ఠుకు అసలు మందు మాత్రలే. సర్కారు ఆరోగ్య కేంద్రంలో ఉచితం. రకాన్ని బట్టి 6 నెలలో, 12 నెలలో వాడాలి. మొదలుపెట్టిన కొద్దికాలానికే రోగి నుంచి ఇతరులకు అంటడం ఆగిపోతుంది. అయినా పెళ్లి సంబంధాలు తప్పిపోతాయని ఆడపిల్ల మచ్చను దాచే ఇళ్లు మనలో ఉన్నాయి. చేయి వంకర తిరిగాక తీసుకొస్తే క్రిములు చస్తాయి గానీ, దెబ్బతిన్న నరం మళ్లీ కోలుకోవడం కష్టం.

సరుకులు పంచడానికి ఇల్లిల్లూ తిరిగే మన సొసైటీ సోదరీమణులను మేము కోరేది ఒకటే. పాలిపోయిన మచ్చ, తాకినా తెలియని మచ్చ కంటపడితే ఆ ఇంటి తల్లితో చాటుగా మాట్లాడండి. వీలైతే ఆ వారంలోనే మీరే వెంట వెళ్లి ఆరోగ్య కేంద్రంలో చూపించండి.