వర్చువల్ రియాలిటీ: పని చేసే చోటును సిద్ధపరచుకొనుట
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై అయిదేళ్ల పాఠశాల పండుగలో వర్చువల్ రియాలిటీ ప్రసక్తి కొందరికి వింతగా తోచవచ్చును. అయితే తెలుగు నేలకు వెలుపల పిల్లలను తెలుగు మాధ్యమంలో చదివించే తల్లిదండ్రుల మనసులో ఒక ప్రశ్న మెదలుతూనే ఉంటుంది. ఇక్కడ చదివినవారు రేపటి సాంకేతిక విద్యలో నిలబడగలరా? ఓదార్పు మాటలు చెప్పుటకన్న, ఒక పనిని ఎదుట పెట్టుకొని అందులో ఏది కష్టమో, ఏది కాదో విడదీసి చూచుట మేలు.

వర్చువల్ రియాలిటీ అనగా కళ్లకు తొడుగుకొను హెడ్‌సెట్ ద్వారా, లేని చోటును ఉన్నట్లుగా చూపు విద్య. ఒక్కొక్క కంటికి వేర్వేరు బొమ్మ చూపవలె. తల తిరిగిన కొద్దీ దృశ్యమూ తిరగవలె. సెకనుకు 90 బొమ్మలు చూపు హెడ్‌సెట్‌లో ఒక్కొక్క బొమ్మకు దొరకు వ్యవధి సుమారు 11 మిల్లీసెకన్లు. అది దాటిపోతూ ఉంటే చూచువారికి తల తిరుగుతుంది.

ఒకప్పుడు ఒక్కొక్క తయారీదారు పద్ధతి ఒక్కొక్క విధంగా ఉండేది. ఒకరి పరికరానికి రాసిన ప్రోగ్రాము మరొకరి దానిపై నడిచేది కాదు. ఈ చిక్కు తీర్చుటకు క్రోనోస్ అను సంస్థ ఓపెన్‌ఎక్స్‌ఆర్ అను ఉమ్మడి ప్రమాణాన్ని రూపొందించి, 2019 జులైలో దాని 1.0 రూపాన్ని వెలువరించినది. ప్రోగ్రాముకు, హెడ్‌సెట్‌కు నడుమ నిలిచి పని జరిపించే భాగాన్ని రన్‌టైమ్ అంటారు. ఆ ప్రమాణాన్ని అనుసరించి, అందరూ చదువుకొని సవరించుకొనుటకు వీలుగా మూలరచనతో సహా బయటపెట్టిన రన్‌టైమ్ మొనాడో. కొలాబొరా సంస్థ 2019 మార్చిలో దానిని ప్రకటించినది. ప్రధానంగా లినక్స్‌పై నడిచే ఈ మొనాడోలో చేయి పెట్టదలచిన విద్యార్థికి మొదట ఎదురయ్యేది పైన చెప్పిన మిల్లీసెకన్ల గణితం కాదు. వంట సంగతి తరువాత, ముందు పొయ్యి రాజుకోవలె.

ఆ పొయ్యి దగ్గరనే చాలామంది వెనుదిరుగుతారు. మూలరచనను గిట్ అను సాధనంతో దింపుకొనుట క్షణాల పని. దానిని యంత్రానికి అర్థమగు రూపంలోకి మార్చుటకు సీమేక్, నింజా అను సాధనాలు కావలె. వాటితోబాటు ఐగెన్, వల్కన్, లిబ్‌యూఎస్‌బి మొదలైన లైబ్రరీలు కావలె. ఇక్కడ ఒక మెలిక కలదు. ఉబుంటు, డెబియన్ వంటి వ్యవస్థలలో ఒకే లైబ్రరీకి రెండు పొట్లాలు ఉంటాయి. ఒకటి నడుపుటకు, రెండవది కొత్త ప్రోగ్రాము నిర్మించుటకు. రెండవదాని పేరు చివర 'డెవ్' అని ఉంటుంది. మొదటిది మాత్రమే ఉన్నవాడు 'లైబ్రరీ ఉన్నదే, లేదంటున్నదేమి?' అని తల పట్టుకొనుట సహజం.

అంతకన్న మోసకరమైనది మరొకటి. ఏదైనా ఐచ్ఛిక లైబ్రరీ లేకపోతే సీమేక్ ఆగదు. దానిపై ఆధారపడిన భాగాన్ని మౌనంగా వదలివేసి ముందుకు సాగుతుంది. నిర్మాణం విజయవంతమైనదని తెర చెబుతుంది. కావలసిన డ్రైవరు మాత్రం అందులో ఉండదు. చివరలో అచ్చయ్యే పట్టికలో దేని ఎదుట 'ఆన్', దేని ఎదుట 'ఆఫ్' అని ఉన్నదో ఓపికగా చదివినవారికే ఆ సంగతి తెలుస్తుంది.

హెడ్‌సెట్ ఖరీదు తలచుకొని తల్లిదండ్రులు బెదరనక్కరలేదు. హెడ్‌సెట్ లేని యంత్రంపై పరీక్షించుటకు మొనాడోలో కల్పిత హెడ్‌సెట్ డ్రైవరు కలదు. క్వెర్టీ అను మరొక డ్రైవరు కీబోర్డును, మౌస్‌ను తల కదలికలుగా స్వీకరిస్తుంది. దానికి ఎస్‌డిఎల్2 లైబ్రరీ ఉండవలె. మామూలు తెరపైనే ఎడమ కంటి బొమ్మ, కుడి కంటి బొమ్మ పక్కపక్కన కనబడతాయి.

నిర్మించిన తరువాత కూడా ప్రోగ్రాముకు రన్‌టైమ్ ఎక్కడ ఉన్నదో తెలియదు. ఇల్లు కట్టి చిరునామా చెప్పకపోతే చుట్టము వీధిలోనే నిలబడతాడు. ఆ చిరునామా ఒక చిన్న జేసన్ ఫైలులో ఉంటుంది. ఆ ఫైలు దారిని తెలిపినప్పుడే హలో ఎక్స్‌ఆర్ అను నమూనా ప్రోగ్రాము రంగురంగుల ఘనాలను తెరపైకి తెస్తుంది. ఒక టెర్మినల్‌లో మొనాడో సర్వీసు నడుస్తూ ఉండగా, మరొక టెర్మినల్‌లో ఈ ప్రోగ్రామును నడపవలె. సర్వీసు అర్ధాంతరంగా ఆగితే దాని సాకెట్ ఫైలు మిగిలిపోయి, మరల ప్రారంభం కాననవచ్చు. ఆ ఫైలును తొలగిస్తే దారి తెరుచుకొంటుంది.

ఇక మాధ్యమం సంగతి. ఈ సందేశాలన్నీ ఇంగ్లీషులోనే వస్తాయి, దానిని దాచవలసిన పని లేదు. అయితే వాటిలో మాటిమాటికీ వచ్చే మాటలు కొద్ది. దొరకలేదు, అనుమతి లేదు, సంస్కరణ సరిపోలేదు అనేవే తిరిగితిరిగి వస్తాయి. కారణం వెదకి ఒక్కొక్క అనుమానాన్నీ తొలగించుకొనే తర్కము గణిత ఉపాధ్యాయుడు తెలుగులో నేర్పినదే. ఇంగ్లీషు బాగా వచ్చి పట్టికను చదవనివారి కన్న, నిఘంటువు పక్కన పెట్టుకొని చివరి పంక్తి దాకా చదివే విద్యార్థి ముందు గట్టెక్కుట అరుదు కాదు. ఇంగ్లీషు బొత్తిగా వద్దనుట మాత్రం పిల్లలకు అన్యాయమే అవుతుంది.

లైబ్రరీల పేర్లు, సంస్కరణలు మారుతూ ఉంటాయి. కాబట్టి స్థాపన సూచనలు త్వరగా పాతబడతాయి. ఎక్కడ చిక్కుపడినది, ఏమి చేస్తే విడినది రాసి పంపిన కొత్తవాని సవరణకు ఇటువంటి ప్రాజెక్టులలో విలువ ఉంటుంది. అనుభవజ్ఞులు ఆ మెట్టు దాటి చాలాకాలమై ఉంటుంది గనుక అది వారి కంట పడదు. ఆ నోటునే తెలుగులో కూడా రాసి కంప్యూటరు గదిలో ఉంచితే తరువాతి తరగతివారికి ఒక వారం శ్రమ తప్పుతుంది.

పూర్వ విద్యార్థులు పాఠశాలకు కంప్యూటర్లు ఇవ్వదలచుట సంతోషకరం. మొనాడోకు వల్కన్ తప్పనిసరి. ఆ ప్రమాణం వెలువడినది 2016లో, అంతకు ముందరి యంత్రాలలో కొన్ని దానిని మోయలేవు. ఇచ్చే ముందు వల్కన్‌ఇన్ఫో అను ఆదేశాన్ని ఒకసారి నడిపి చూచుట మంచిది.