షోరూంలో నా మొదటి నాలుగు నెలలు

(సమాఖ్య వార్షిక మహాసభలో, కంచరపాలెం నుంచి వచ్చిన ఒక సభ్యురాలి ప్రసంగ పాఠం)

ఉపాధి గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను మైకు ముందు నిలబడటం ఇదే మొదలు. కస్టమర్ ముందు అయితే అలవాటయింది.

మా అమ్మ మీలో చాలామందికి తెలుసు. రైతుబజారుకి వెళ్ళే దారిలో ఇడ్లీ బండి పెడుతుంది. గ్రూపు రిజిస్టర్ రాసేది కూడా తనే. నాన్న పోర్టులో కాంట్రాక్టు కింద పని చేసేవారు. మా ఇంట్లో ఎప్పుడూ కారు లేదు. నేను కారు ఎక్కింది రెండు పెళ్ళిళ్ళకీ, నాన్నని కేజీహెచ్‌కి తీసుకెళ్ళిన రోజూ. అలాంటి దాన్ని ఇప్పుడు కార్లు అమ్ముతున్నాను.

బీకాం అయ్యాక జగదాంబ దగ్గర బట్టల దుకాణంలో రెండేళ్ళు చేశాను. పన్నెండు గంటలు నిలబడే పని. తరువాత ఒక జాబ్ మేళాలో కార్ల షోరూం వాళ్ళు నన్ను చూసి, "బట్టలు అమ్మావంటే బేరం తెలుసన్నమాట. డ్రైవింగ్ వచ్చా?" అన్నారు. రాదన్నాను. "లైసెన్సు తెచ్చుకుని జూన్‌లో రామ్మా" అన్నారు. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చాక 30 రోజులు ఆగితే గాని అసలు పరీక్షకి వెళ్ళనివ్వరు. ఏప్రిల్‌లోనే మొదలుపెట్టాలి, చేతిలో డబ్బు లేదు.

అమ్మ గ్రూపు మీటింగులో అడిగింది. పెళ్ళికీ, ఆస్పత్రికీ, చీరల వ్యాపారానికీ అప్పు ఇచ్చాం గానీ కారు నేర్చుకోడానికి ఏటి అప్పు అని ఒక పిన్ని అంది. తప్పేం లేదు, నేనున్నా అదే అనేదాన్ని. అరగంట వాదించుకుని చివరికి 18,000 తీర్మానం రాశారు. డ్రైవింగ్ స్కూలుకి ఆరు వేలు, పాత ఫోనుకి ఎనిమిది వేలు, రెండు జతల బట్టలకీ బూట్లకీ నాలుగు వేలు. నెలకి 1,800 చొప్పున పది కంతులు. మే, జూన్ కంతులు ఇడ్లీ డబ్బులోంచి అమ్మే కట్టింది. నేను నిలదొక్కుకోకపోతే మిగతావీ తనే కట్టాలి. ఒక్క కంతు తప్పినా గ్రూపు గ్రేడింగు మీద పడుతుంది, బ్యాంకు లింకేజీ ఆగుతుంది. అది మీకు నేను చెప్పాలా.

2025 జూన్ 2న చేరాను. జీతం 14,000, అమ్మిన బండికింత ఇన్సెంటివ్. మూడు నెలల ప్రొబేషన్, ఆగస్టు ఆఖరుకి మూడు బళ్ళు డెలివరీ చెయ్యాలి. మూడంటే తేలికే అనుకున్నాను. జూన్ 26న ఆషాఢం వచ్చేసింది. ఆషాఢంలో మన వాళ్ళు కొత్త చీపురు కూడా కొనరు కదా, కారు ఎక్కడ కొంటారు!

ఆ రోజుల్లో ఎవరైనా లోపలికి వస్తే నేను ఎదురెళ్ళి నమస్కారం పెట్టేదాన్ని. వాళ్ళు నా వెనక చూసి "సార్ లేరామ్మా?" అనేవారు. మైలేజీ ఎంత, డిక్కీ ఎంత అన్నీ బట్టీ పట్టి ఉన్నాను. అయినా సరే, నేను చెప్పిందే నాకంటే చిన్న కుర్రాడు వచ్చి మళ్ళీ చెబితే తలూపేవారు. ఏడ్చానని చెప్పుకోడానికి సిగ్గేమీ లేదు, వాష్‌రూంలో ఏడ్చాను. ఒకటి మాత్రం కలిసొచ్చింది. "ఎక్కడమ్మా మీది?" అంటే "కంచరపాలెం" అనేదాన్ని. "ఆ సినిమాలో ఊరా?" అని నవ్వేవారు. 2018లో వచ్చిన ఆ సినిమాలో నటించిన వాళ్ళలో చాలామంది మన వీధుల వాళ్ళే కదా, వాళ్ళ గురించి రెండు కబుర్లు చెప్పేసరికి కస్టమర్ కుర్చీలో కూర్చునేవాడు.

టెస్ట్ డ్రైవ్ సంగతి ఆడపిల్లల తల్లులకి చెప్పాలి. ముక్కూ మొహం తెలియని మగాడి పక్కన కూర్చుని హైవే మీదకి వెళ్ళడం. మొదటి నెలలో ఒకాయన తిన్నగా ఎన్‌ఏడీ వైపు వెళ్ళి తిరిగి రావలసినవాడు ఇంకా ముందుకి పోనిచ్చి, నా పెళ్ళి గురించి అడగడం మొదలెట్టాడు. ఆ మర్నాడే టీం లీడర్‌తో చెప్పాను, వెనక సీట్లో ఇంకొకరు ఉంటేనే వెళతాను అని. ఒప్పుకున్నారు. అడిగితే ఒప్పుకునేదే, నేను అడగడానికి నెల పట్టింది. రాత్రి పదింటికి ఫోన్లు వస్తే అమ్మ ఎత్తేది: "కారు గురించే అయితే పొద్దున్న పదింటికి చెయ్యి బాబూ." ఆ తరువాత ఆ ఫోన్లు బాగా తగ్గాయి.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. చెప్పకుండా వెళ్ళిపోదామనుకున్నాను, అమ్మే చెప్పమంది.

కారుకి రెండు ధరలు. పేపర్లో వేసేది ఎక్స్ షోరూం ధర, జీఎస్టీ అందులోనే ఉంటుంది. దాని మీద లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, ఫాస్టాగ్ కలిస్తే ఆన్‌రోడ్ ధర. ఇంతవరకూ కట్టక తప్పనివి. ఆ కాగితంలోనే కింద ఇంకొన్ని వరసలు ఉంటాయి: యాక్సెసరీస్ కిట్, అదనపు వారంటీ, ఏవో చార్జీలు. ఇన్సూరెన్స్ తప్పనిసరే, 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకి థర్డ్ పార్టీ మూడేళ్ళకి ఒకేసారి తీసుకోవాలి. కానీ షోరూంలోనే తీసుకోవాలని ఎక్కడా లేదు. బయట ఏ కంపెనీ దగ్గరైనా తీసుకోవచ్చు. యాక్సెసరీస్, అదనపు వారంటీ అసలు మన ఇష్టం.

శ్రావణంలో నా మొదటి కస్టమర్ స్టీల్‌ప్లాంట్‌లో పని చేసి మానేసిన పెద్దాయన. వచ్చిన డబ్బులో చిన్న కారు కొనుక్కుందామని వచ్చారు. ఆ కాగితం ఆయన ముందు పెట్టి "ఇవన్నీ కంపల్సరీ అండీ" అన్నాను. నాకు అలాగే చెప్పమన్నారు. ఆయన చెక్కు రాశారు. డెలివరీ రోజు ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడికి తీసుకెళ్ళారు, నన్ను కూడా రమ్మన్నారు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి బండి కదిలించినప్పుడు నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, మొదటి బండి కదా. పది రోజులకి ఆయన మళ్ళీ వచ్చారు. బ్యాంకులో పని చేసే కూతురు కాగితాలు చూసి, అదే ఇన్సూరెన్స్ బయట ఎనిమిది వేలు తక్కువకి వచ్చేదని చెప్పిందట. కోప్పడలేదు. "నువ్వు చెప్పావని కట్టానమ్మా" అన్నారు.

చెప్పమన్నది పైవాళ్ళే గానీ, అది నిజమేనా అని నేను అడగలేదు. అడిగితే ఏమనుకుంటారో అని. బిగించని కిట్టుకి మాత్రం లెటర్ పెట్టించి డబ్బు వెనక్కి ఇప్పించగలిగాను. ఇన్సూరెన్స్ డబ్బు రాలేదు. ఆ రోజు నుంచి కాగితం మీద పెన్సిల్‌తో గీత గీస్తున్నాను. గీతకి పైన ఉన్నవి కట్టాలి, కింద ఉన్నవి మీ ఇష్టం అంటాను. మా మేనేజరుకి మొదట నచ్చలేదు. ఇప్పటికీ పూర్తిగా నచ్చిందని చెప్పలేను.

వడ్డీ లెక్క మాత్రం నాకు షోరూంలో నేర్పలేదు, మన రిజిస్టరే నేర్పింది. ఫైనాన్స్ వాళ్ళ దగ్గర ఒక మాట వింటారు: "ఆరు శాతం ఫ్లాట్." తొమ్మిది కంటే ఆరు తక్కువే కదా అనిపిస్తుంది. అయిదు లక్షలు అయిదేళ్ళకి ఆరు శాతం ఫ్లాట్ అంటే వడ్డీ లక్షన్నర. అసలు తగ్గేకొద్దీ వడ్డీ తగ్గే పద్ధతిలో అదే అయిదు లక్షలకి తొమ్మిది శాతం అయితే వడ్డీ లక్షా ఇరవై మూడు వేల లోపే. మన గ్రూపులో తీర్చిన అసలు మీద మళ్ళీ వడ్డీ వేస్తే ఎవరైనా ఊరుకుంటారా? అలాగే గడువు. తొమ్మిది శాతానికి అయిదేళ్ళయితే నెలకి 10,379, ఏడేళ్ళయితే 8,044. కిస్తీ తక్కువని ఏడేళ్ళు పెట్టుకుంటే మొత్తం మీద యాభై మూడు వేలు ఎక్కువ కడతాం. నేను రెండూ రాసి చూపిస్తాను, ఎంచుకునేది వాళ్ళు.

ఆగస్టు 15కి రెండు బళ్ళు అయ్యాయి. మూడోది కూడా బుక్ అయింది, మా వెనక వీధి అక్కే, కొడుకు కోసం. నెలాఖరులోగా డెలివరీ అయితే నా ప్రొబేషన్ పూర్తి. ఆ 15న ప్రధానమంత్రి ఎర్రకోట మీద నుంచి దీపావళికి జీఎస్టీ తగ్గిస్తామని చెప్పారు. మర్నాటి నుంచి ఫోన్లు ఆగిపోయాయి. బుక్ చేసిన వాళ్ళు కూడా చూద్దాం అన్నారు. షోరూం వాళ్ళ బాధా నిజమే, అప్పటికే సెస్సు కట్టి తెచ్చిన బళ్ళు యార్డులో ఉన్నాయి. "కార్ల మీద తగ్గుతుందని ఎవరన్నారు? ఆవిడకి చెప్పి 31లోగా డెలివరీ చేయించు" అన్నారు నాతో.

అక్క ఆ సాయంత్రం మా ఇంటికే వచ్చింది. "ఏటమ్మా, తీసీసుకోమంటావా?" అంది. నా మూడో బండి అది. నా కంతు, నా ఉద్యోగం. అమ్మ పప్పు రుబ్బుతూ ఒక్క మాట మాట్లాడలేదు. "తగ్గుతుందో లేదో నాకు తెలీదక్కా. తొందర లేకపోతే ఆగు. తొందరుంటే ఇప్పుడే ఎంత తగ్గిస్తారో గట్టిగా అడుగు" అన్నాను. ఆవిడ ఆగింది. నేను ప్రొబేషన్ తప్పాను. ఇంకొక నెల పొడిగించారు, ఆ నెల ఇన్సెంటివ్ లేకుండా. సెప్టెంబరు కంతు కట్టడానికి చెవి దిద్దులు తాకట్టు పెట్టాను. అమ్మకి ఈ సంగతి ఇప్పుడే తెలుస్తోంది, క్షమించాలి.

సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయం వచ్చింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజను ఉన్న చిన్న పెట్రోలు కార్లకి సెస్సుతో కలిపి 29 శాతం ఉన్నది 18 అయింది. 22 నుంచి అమలు, అదే రోజు నవరాత్రులు మొదలు. ఆ పదకొండు రోజులూ మేము ఎప్పుడు తిన్నామో ఎప్పుడు పడుకున్నామో తెలీదు. నంబరు ప్లేట్ల దగ్గర, క్యాష్ కౌంటర్ దగ్గర జాతరే. అక్కకి బండి 22నే ఇచ్చాం. యాభై వేలు దాటి తగ్గింది. ఆవిడ ఇంకో ముగ్గురిని తీసుకొచ్చింది. స్టీల్‌ప్లాంట్ పెద్దాయన ఫోన్ చేసి, "నాది నెల రోజుల ముందు కొనిపించేశావు" అని నవ్వి, తన తోడల్లుడిని పంపారు. దసరాకి నా పేరు మీద ఏడు బళ్ళు అయ్యాయి. దిద్దులు ధనత్రయోదశి ముందు విడిపించాను.

అన్ని నెలలూ అలా ఉండవు. సంక్రాంతి దాటాక మళ్ళీ చల్లబడుతుందని మా సీనియర్లు చెబుతున్నారు. ఆదివారాలు సెలవుండదు, నెలాఖరున ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది, కాళ్ళు లాగుతాయి. ఉద్యోగానికి పంపే ముందు ఇవన్నీ అడగండి: ఫిక్స్‌డ్ జీతం ఎంత, టార్గెట్ తప్పితే ఏమవుతుంది, రాత్రి దింపే బండి ఉందా లేదా.

కారు కొనేవాళ్ళకి చిన్న మాట. డెలివరీ నాడు దండలూ ఫోటోల హడావుడిలో ఫారం 21 చూడటం మరిచిపోతారు. సేల్ సర్టిఫికెట్ అది. బండి ఏ నెల, ఏ సంవత్సరం తయారయిందో అందులో ఉంటుంది. పాత స్టాకు కొనకూడదని కాదు, పాతది అయితే పాతదాని ధరకి కొనాలి.

నా 18,000లో ఇంక రెండు కంతులు ఉన్నాయి. అప్పుడు "ఏటి అప్పు" అన్న పిన్ని ఇప్పుడు తన కోడలికి డ్రైవింగ్ నేర్పించమంటోంది. ఇంకో ఇద్దరు కూడా పేర్లు ఇచ్చారు. ఎల్‌ఎల్‌ఆర్ స్లాట్లు నా ఫోన్లోనే బుక్ చేస్తాను. భోజనాలయ్యాక కుడివైపు రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర ఉంటాను, ఆధార్ కార్డు పట్టుకుని రండి.