చికిత్సకు ముందే అడుగవలసిన మాట
(మన సంఘ వార్షికసభలో చేసిన ఉపన్యాస పాఠము)



వర్తకులమైన మేము వైద్యవిషయము మాట్లాడుట వింతగా తోచవచ్చును. అయినను చెప్పక తప్పదు. మన బజారులోని ఒక కుటుంబములో ఇరువది రెండేండ్ల కుర్రవానికి, పూర్వులు రాచపుండు అని పిలిచిన క్యాన్సరు వచ్చినది. అందరము చందాలు వేసికొని చికిత్స చేయించితిమి. ప్రాణము దక్కినది. పెండ్లియైన కొన్నేండ్లకు, సంతానశక్తి ఆ చికిత్సలోనే పోయినదని తెలిసినది. "ముందే ఒక్కమాట ఎవరును చెప్పరైరి గదా!" అని ఆ తల్లి కంట తడి పెట్టినది. ఆసుపత్రికి వెంట వెళ్లినవారము మేమే. ఆ మాట అడుగవలెనని మాకును తెలియదు.

క్యాన్సరును చంపు కొన్ని మందులు, పొత్తికడుపుపై ప్రసరింపజేయు కిరణములు, స్త్రీల అండములను, పురుషుల వీర్యకణములను కూడ నశింపజేయగలవు. అందరికిని ఇట్లు జరుగదు. మందు, మోతాదు, వయస్సు ననుసరించి ప్రమాదము మారును. అయితే గాదె బాగుచేయుటకు ముందు రైతు విత్తనపు గింజలను వేరుగా దాచునట్లు, చికిత్సకు ముందే వీనిని అతిశీతలములో భద్రపరచు మార్గము గలదు.

ఈ జ్ఞానము ఒక్క వైద్యునివలన వచ్చినది కాదు. ఒక దుకాణపు చిట్టా చూచి బజారు స్థితి చెప్పలేము. పది దుకాణముల లెక్కలు కలిపిననే తెలియును. ఇట్టి రోగులు ఒక్కొక్క ఆసుపత్రిలో కొలదిమందియే యుందురు. అందుచే 2006లో జర్మనీలో ఫెర్టిప్రొటెక్ట్ అను ఆసుపత్రుల కూటమి యేర్పడి, ఆస్ట్రియా, స్విట్జర్లాండులకు వ్యాపించినది. అమెరికాలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమునకు చెందిన టెరెసా వుడ్రఫ్ అను విదుషి 2007లో క్యాన్సరు వైద్యులను, సంతాన వైద్యులను, నీతిశాస్త్రజ్ఞులను ఒక్కచోట చేర్చి పరిశోధన సాగించినది. అంతకుముందే బ్రస్సెల్సు నగరములో ఒక స్త్రీ అండాశయపు ముక్కను 1997లో చికిత్సకు ముందు దాచి, రోగము కుదిరిన పిమ్మట తిరిగి అమర్చగా, 2004లో ఆమెకు బిడ్డ పుట్టినది.

పురుషులకు వీర్యమును దాచుట సులభము; ఒకటి రెండు దినముల పని. స్త్రీలకు అండములు దాచుటకు సూదిమందులతో రమారమి రెండు వారములు పట్టును. రజస్వల కాని బాలికలకు అండాశయపు ముక్కను దాచుటయే మార్గము. చిన్న మగపిల్లల విషయము ఇంకను పరిశోధనదశ యందే యున్నది. రక్తపు క్యాన్సరులో దాచిన ముక్కతో రోగకణములు తిరిగి చేరు భయము గలదు. దాచినంతమాత్రమున బిడ్డ తథ్యమని యెవరును హామీ ఈయరు. ఖర్చును తక్కువ కాదు. ఆలస్యము ప్రాణమునకు ముప్పయినచో చికిత్సయే ముందు. ఇవన్నియు నిర్ణయింపవలసినవారు వైద్యులు, అడుగవలసినవారము మనము.

మన కష్టము మరియొకటి గలదు. ఇంట తెలుగు, వీధిలో కన్నడము, వైద్యుని కాగితముపై ఇంగ్లీషు. రోగము పేరే సరిగా అర్థము కాని తల్లిదండ్రులు ఇట్టి సున్నితమైన ప్రశ్న ఎట్లు అడుగగలరు? పైగా పెండ్లి కావలసిన ఆడపిల్లకు జబ్బని తెలిసిన, సంబంధములు చెడునని ఇరుగుపొరుగుకే గాక వైద్యునివద్ద సయితము నోరు విప్పరు. ఆ మౌనమునకు వెల చెల్లించునది ఆ పిల్లయే.

కావున మా మనవి యిది. ఆసుపత్రికి పోవు ప్రతి కుటుంబమునకు, మన తెలుగును అచ్చటి భాషను ఎరిగిన ఒకరిని సంఘము తోడిచ్చి పంపవలెను. ఆడవారికి ఆడవారే తోడు పోవలెను. విన్నది గుట్టుగా నుంచవలెను. మొదటి మందు ఎక్కింపక ముందే, "అయ్యా, ఈ చికిత్సవలన సంతానశక్తికి హాని కలుగునా? కలిగినచో ముందు చేయదగినదేమి?" అని అడుగవలెను.

ఆ తల్లికి మేమీయవలసిన జవాబు ఆలస్యమైనది. రేపు మరియొక తల్లికి ఆలస్యము కాకుండుగాక. సెలవు.