పెరటిలో గునుగు పూలు



వానలు చాలని మెట్ట గ్రామములలో పూలతోట యన్నది నీటివసతి గలవారికే సాధ్యమని పలువురు తలంతురు. ఈ తలంపు సరికాదు. మన యెండకును మన నేలకును అలవాటుపడిన పూలమొక్కలు కొన్ని కలవు. అవి తొలకరికి మొలచి, వానకాలము ముగియులోపల పూచి, విత్తనమిచ్చి యెండిపోవును. గునుగు అట్టి మొక్క.

ఇది తోటకూర కుటుంబమునకు చెందినది. పెరళ్లలో పెంచు కోడిజుట్టు పూవునకు దగ్గరి చుట్టము. లేత ఆకును కూర వండుకొందురు. గులాబి వన్నెతో తొడిగి, క్రమముగా వెండివలె తెల్లబడు దీని కంకులు కోసిన పిమ్మట చాల దినములు చెడవు. తెలంగాణమున తంగేడుతోపాటు గునుగు లేనిదే బతుకమ్మ నిండుగా నుండదు. 2014లో బతుకమ్మ రాష్ట్రపు పండుగ యైనది. కాని పూవు దొరకుటయే కష్టమగుచున్నది. పూర్వమిది బీళ్లలోను, చేలగట్లపైనను విత్తకయే మొలచెడిది. నేడు బీళ్లు సాగులోనికి వచ్చినవి; కలుపు మందు చల్లిన చోట మొలకయే నిలువదు. రైతునకిది కలుపు; ఆతనిని తప్పుపట్టరాదు. ఆడపడుచులకు పండుగ పూవు. ఇద్దరికిని మేలు చేయునది పెరటి సాగు.

రోజంతయు ఎండ తగులు చోటును ఎన్నుకొనుడు. నీరు నిలువరాదు. మట్టిని గుల్లచేసి, గడ్డిని ఏరివేయుడు. ఎరువు మిక్కిలిగా వేయనక్కరలేదు. మృగశిర కార్తెలో తొలకరి పడి నేల తడిసిన పిమ్మట విత్తుడు. విత్తనములు నల్లగా, నిగనిగలాడుచు, మిక్కిలి చిన్నవిగా నుండును. కావున పొడి ఇసుకతో కలిపి చల్లవలెను. పైన మట్టిని పలుచగా కప్పి, అరచేతితో అదుముడు. విత్తనమంతయు ఒకేసారి చల్లక, సగము దాచి పదునైదు దినముల తరువాత చల్లుడు. తొలి మొలకలు వానలేక మాడినను రెండవ విడత ఆదుకొనును.

మొలకలు వేలెడంత యెదిగిన పిమ్మట ఒత్తుగా నున్నవానిని పెరికి, మొక్కకు మొక్కకు జానెడు మించి ఎడముంచుడు. పెరికినవి కూరకు పనికివచ్చును. మొలక దశలో మాత్రము వాన తప్పినచో నీరు చిలుకరింపవలెను. వేరు దిగిన పిమ్మట మొక్క తన్నుతాను కాపాడుకొనును.

పండుగకు పూలన్నియు కోయక, బలమైన నాలుగైదు మొక్కలను విత్తనమునకు విడువుడు. కంకి అడుగున ఎండి, విత్తనము నల్లబడినపుడు కోసి, నీడలో నారవేసి, గుడ్డపై దులుపుడు. గుడ్డసంచిలో కట్టి, తేమ తగులని చోట దాచుడు.

ఒక్క హెచ్చరిక. విత్తనము పొలములోనికి పోనీయరాదు. ఎండిన మొక్కలను పెంటకుప్పపై వేసినచో విత్తనము ఎరువుతోపాటు చేనికి చేరి, పైరునకు కలుపగును. మిగిలిన కంకులు విత్తనము రాలకముందే కోసి కాల్చివేయుడు.

ఇంటికొక మడి చాలును. వచ్చు తొలకరికి మీరు విత్తుడు; విత్తనము లేని పొరుగువారికి పిడికెడు పంచుడు. అంతట మన పిల్లలు పండుగ పూవుకై ఊరూర వెదుకనక్కర లేదు.