నల్లగౌన్ల చిత్రకారుడు దోమియే

నల్లగౌన్లు వేసుకున్న వకీళ్లు నలుగురు ఒకచోట చేరితే దూరం నుంచి ఎవరెవరో పోల్చుకోలేం. ఫ్రాన్సుకు చెందిన ఓనరే దోమియే ఆ నలుపులోంచే ఒక్కొక్క మనిషినీ బయటికి లాగాడు.

1808లో మార్సెయ్‌లో పుట్టిన దోమియే చిన్నతనంలో పారిస్‌లో ఒక కోర్టు అమీనా దగ్గర కాగితాలు అందించే కుర్రాడిగా పనిచేశాడు. తర్వాత ముద్దాయిగా కూడా కోర్టు చూశాడు. రాజు లూయీ ఫిలిప్‌ను జనం సొమ్ము మింగే బకాసురుడిలా గీసినందుకు 1832లో జైలుకు పంపారు. 1835లో రాజకీయ వ్యంగ్య చిత్రాల మీద ఆంక్షలు వచ్చాయి. ఇక పాలకుల జోలికి వెళ్లే వీలు లేక ఊళ్లోవాళ్ల మీద పడ్డాడు. అలా 1845 నుంచి 1848 దాకా ‘షారివారి’ పత్రికలో వచ్చినవే వకీళ్ల, జడ్జీల బొమ్మలు.

అవి రాతి అచ్చులో వేసినవి. నున్నగా అరగదీసిన సున్నపురాతి పలక మీద జిడ్డు సుద్దతో బొమ్మ గీస్తారు. పలకను తడిపి సిరా రోలరు దొర్లిస్తే, తడి ఉన్నచోట సిరా అంటదు, జిడ్డు ఉన్నచోట పట్టుకుంటుంది. సుద్దను తేలిగ్గా ఆడిస్తే బూడిదరంగు నీడ, అదిమితే కాటుక నలుపు. పైగా రాయి గరుకు వల్ల ఆ నలుపులో సన్నని వెలుతురు చుక్కలు మిగులుతాయి. దోమియే గౌన్లు బరువుగా కనిపిస్తూనే కదులుతున్నట్టు ఉండడానికి ఈ గుణం బాగా కలిసొచ్చింది.

న్యాయస్థానం పెద్ద మెట్ల మీద ఇద్దరు వకీళ్లు దిగివచ్చే బొమ్మ 1848 నాటిది. ముక్కులు ఆకాశంలో, కాగితాల కట్టలు చంకలో. ఆ నల్లటి గౌన్లలోంచి మొహాలు, తెల్లటి మెడపట్టీలు మాత్రమే తేలతాయి. ఆ కాస్త తెలుపులోనే వాళ్ల దర్జా అంతా పట్టేశాడు. ఇంకో బొమ్మలో వాదన సాగుతుంటే జడ్జీలు నిద్రపోతుంటారు. నా మటుకు నాకు వకీళ్ల కన్నా ఈ కునుకే ఎక్కువ కరుకుగా తోస్తుంది. అక్కడ ఎవరి బతుకో తేలాల్సి ఉంది కదా!

దోమియే చివరికి చూపు దాదాపు కోల్పోయి 1879లో వాల్‌మోందువాలో చనిపోయాడు. అప్పటికి వేసిన రాతి అచ్చు బొమ్మలు సుమారు 4,000. అవి ఎక్కడైనా మీ కంటబడితే కింది వ్యాఖ్యల జోలికి ముందే పోకండి; చాలావరకు అవి పత్రికవాళ్లు రాసినవి. ముందు మొహాలు, చేతులు చూడండి.